కాంటా గదిలో స్విచ్చు

1988 నవంబరు 21, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. తాండూరు ఊరు దాటి ఉన్న మా సిమెంటు కర్మాగారంలో కంప్యూటరు మొరాయించడం మొదలైన సమయం అది. ఆ పూట డైరీలో నేను రాసుకున్న వాక్యం ఒక్కటే: "యంత్రం నడుస్తోంది, పని నడవడం లేదు." ఆ వాక్యం ఒక మనిషి ఉద్యోగం దాకా వెళుతుందని రాసేటప్పుడు నాకు తెలియదు.

అప్పుడు నాకు నలభై ఒక్క ఏళ్లు. కంప్యూటరు విభాగం నా బాధ్యత. నా భార్య వికారాబాదులో బాలికల పాఠశాలలో టీచరు కావడంతో కాపురం అక్కడే పెట్టాము. నేను రోజూ పొద్దున పాసింజరులో తాండూరు చేరి, స్టేషను బయట కర్మాగారం బస్సు ఎక్కేవాణ్ణి. వికారాబాదులో రైలు ఎక్కినప్పుడు చెప్పులకు అంటిన ఎర్రమట్టి, తాండూరులో దిగి నాలుగు అడుగులు వేసేసరికి రాతిపొడి కింద తెల్లబడిపోయేది. బండలు కోసే షెడ్ల నుంచి వచ్చే ఆ పొడి ఊరంతటి మీదా ఉండేది. మా యంత్రానికి అది పడదని గదికి రెండు తలుపులు పెట్టించాము.

ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుంటున్న మీకు ఆ కాలపు ఏర్పాటు కొంచెం చెప్పాలి. అల్మారా అంత యంత్రం ఒకటి మా గదిలో ఉండేది. స్టోర్సులో, అకౌంట్సులో, జీతాల విభాగంలో, లారీలు తూచే కాంటా గదిలో కలిపి పన్నెండు టెర్మినళ్లు ఉండేవి. వాటికి సొంత తెలివి లేదు. ఒక తెర, ఒక కీబోర్డు, వెనుక ఒక తీగ. తెలివంతా మా అల్మారాలోనే. ఒక మనిషి టెర్మినల్ ముందు కూర్చుని తన పేరు కొట్టగానే, అతని తరఫున డేటాబేస్‌లో చదవడానికి, రాయడానికి ఆ అల్మారాలో ఒక పని పుడుతుంది. దానిని ప్రాసెస్ అంటాము. అది తెర మీద కనిపించదు, తెరవెనుకే మసలుతుంది. మనిషి పని ముగించి సెలవు తీసుకుంటే అదీ ముగిసిపోవాలి. పన్నెండు మందికి పన్నెండు. లెక్క అంతే.

ఆ సోమవారం లెక్క తప్పింది. నా దగ్గర పనిచేసే ప్రోగ్రామరు సరిహద్దు అవతలి కన్నడ ఊరివాడు. ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు, విసుగు వస్తే రెండూ. ఏ సమస్య వచ్చినా ముందు "బిడ్రి సార్" అనేవాడు. వదిలేయండి అని అర్థం. వదలకుండా పనిచేసేవాడు కూడా అతనే. ఆ రోజు జాబితా తీసి నా ముందు పెట్టాడు.

"సార్, లోపల జాతర నడుస్తున్నది. పంక్తిల పన్నెండు మంది కూసున్నరు, ముప్పై ఎనిమిది విస్తర్లల్ల వడ్డిస్తున్నరు."

"మిగతా వాళ్లు ఎవరు?"

"ఎవరూ లేరు సార్. అన్నీ అనాథలు. పుట్టించినోడు లేచి పోయిండు. ఇవి మాత్రం కూసోని, ఇంకేం రాయాలె, ఇంకేం రాయాలె అని అడుగుతనే ఉన్నయి. జవాబు చెప్పేటోడు లేడు. అడుగుడు మానవు."

"ఎవరి పేరు మీద ఉన్నయి?"

అతను జాబితా మీద వేలు పైనుంచి కిందికి జరిపాడు. అనాథలున్న ప్రతి వరుసలోనూ ఒకటే పేరు. కాంటా.

మధ్యాహ్నం ఆ అనాథలను ఒక్కొక్కటిగా తీసివేశాము. యంత్రం తేరుకుంది. మరునాడు పదకొండు కొట్టేసరికి మళ్లీ అదే స్థితి. స్టోర్సులో మేకుల నిల్వ చూడాలన్నా ఒక టీ తాగి రావలసినంత ఆలస్యం. కాంటా దగ్గర చలాను ముద్రణ కాక లారీలు గేటు బయట రోడ్డు వరకు నిలబడ్డాయి. రెండు తలుపుల లోపల కూర్చున్న మాకు కూడా వాటి హారన్లు వినిపించేవి.

కాంటా ఆపరేటరు గురించి ఇక్కడ చెప్పాలి. తాండూరు మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నేను ఆయనను భాయ్ అని పిలిచేవాణ్ణి, లారీలవాళ్లు చాచా అనేవారు. మొదట్లో తూకాలు చేతితో రాసేవాడు; టెర్మినల్ వచ్చాక వారం రోజుల్లో నేర్చుకున్నాడు. ఇంకా టెంపరరీ. పర్మనెంటు చేయవలసిన ఫైలు కదులుతూ ఉంది. నవ్వించే మనిషి. యంత్రానికి కొబ్బరికాయ కొట్టిన రోజు అందరి ముందూ, "గీ డబ్బ మంచిగనే ఉన్నది సాబ్, గని మా బువ్వ తింటదేమో జర చూసుకోండ్రి" అన్నాడు. అందరం నవ్వాము. సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ మేనేజరు కూడా నవ్వారు.

ఆ వారం శుక్రవారం యంత్రం అమ్మిన కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. తొందరలో ఉన్నాడు, సాయంత్రం రైలుకు తిరిగి పోవాలి. జాబితా చూసి, కాంటా పేరు మీద ఉన్న ప్రాసెస్‌లన్నిటినీ ఒకే ఆజ్ఞతో చంపేశాడు. వాటిలో ఒకటి అనాథ కాదు. కాంటా గదిలో ఆపరేటరు అప్పుడే ఒక లారీ తూకం ఎక్కిస్తున్నాడు. సగం రాసిన చోట ఫైలు చెడింది. ఆనాటి తూకాలన్నీ అందులోనే ఉన్నాయి. ముందటి రోజు సాయంత్రం టేపు మీద తీసుకున్న నకలు తిరిగి ఎక్కించి, చలానుల కార్బను కాపీలు దొరికినంతవరకు వెతికి మళ్లీ కొట్టించాము. కొన్ని దొరకలేదు.

ఇంజనీరు వెళుతూ పర్సనల్ మేనేజరుతో అన్న మాట నేను విన్నాను. "మా మిషన్‌లో లోపం లేదండీ. ఆ ఒక్క లాగిన్ నుంచే గొడవ. అయితే అజాగ్రత్త, లేకపోతే కావాలనే చేస్తున్నాడు."

ఒకే వాక్యంలో రెండు సగాలు. మేనేజరు రెండో సగాన్ని పట్టుకున్నారు.

సోమవారం, 28వ తేదీన నన్ను పిలిపించారు. ఆయన మాటతీరు మెత్తన. ప్యూనును కూడా మీరు అనేవారు.

"ఇది ఎవరి పనో మీ జాబితాలోనే ఉంది కదా. మళ్లీ మీరు ఆలోచించేది ఏమిటి?"

"పేరు ఉంది సార్. కారణం లేదు."

"కారణం నేను చెబుతాను. కంప్యూటరు వచ్చినప్పుడు అతను ఏమన్నాడో మీకూ గుర్తుండాలి. మా అన్నం తింటుంది అన్నాడు. చేతి రాత పోయింది. లారీలవాళ్లతో చనువు. యంత్రం పడిపోతే మళ్లీ చేతి రాతే వస్తుంది. ఇంకేం కావాలి?"

"అది నవ్వులాట మాట సార్."

"నవ్వుతూ అన్నవన్నీ నవ్వులాటలు కావు." ఫైలు మూసి దాని మీద చేయి పెట్టారు. "టెంపరరీ మనిషి. విచారణ కూడా అవసరం లేదు. గురువారం నుంచి రావద్దని కాగితం సిద్ధమైంది. మీకు వేరే కారణం తెలిస్తే బుధవారం సాయంత్రంలోగా చెప్పండి. తెలియకపోతే తెలిసిన కారణమే కారణం."

మంగళవారమంతా నేనూ ప్రోగ్రామరూ మా గదిలోనే వెతికాము. కాంటా ప్రోగ్రాము వరుసవరుసగా చదివాము. తప్పు కనబడలేదు. అన్ని టెర్మినళ్లదీ ఒకే ప్రోగ్రాము. తక్కిన చోట్ల అనాథలు లేవు. సాయంత్రం రైలులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి సిగ్గుతో ఒప్పుకోవలసి వచ్చింది: ఆ పేరు గల మనిషి రోజంతా ఏం చేస్తాడో మా విభాగంలో ఒక్కరమూ చూడలేదు. కాంటా గది మా గదికి అర మైలు. మధ్యలో ఎండ, దుమ్ము, బొగ్గు గుట్టలు.

బుధవారం, నవంబరు 30, బస్సు దిగి నేరుగా కాంటా గదికి నడిచాను. అన్నం గిన్నె చేతిలోనే ఉంది.

"రాండ్రి సాబ్, కూసోండ్రి. చెక్ చెయ్యనీకి వచ్చిండ్రా?"

"చూడనీకి వచ్చిన."

"నన్నా, డబ్బనా?"

"ఇద్దర్ని."

ఆయన నవ్వాడు. స్టూలు తుడిచి వేశాడు. మొదటి లారీ ఖాళీగా కాంటా ఎక్కింది. ఆపరేటరు నంబరు కొట్టి, కుర్చీలోంచి లేచి బయటికి పోయి, లారీ చుట్టూ తిరిగాడు. చక్రాలన్నీ పలక మీద ఉన్నాయా లేదా చూశాడు. క్యాబిన్‌లోకి తొంగి చూశాడు.

"దింపు వాణ్ణి" అన్నాడు.

"ఏం చాచా, మావోడు ఎండి పుల్లయిండు. వాని కోసం కుర్చీ దిగొస్తివా?" అన్నాడు డ్రైవరు.

"యాభై కిలోలు ఉండడా? యాభై కిలోలంటె ఒక బస్త. దింపు."

క్లీనరు నవ్వుకుంటూ దిగాడు. ఖాళీ బండి తూచేటప్పుడు మనిషి లోపల ఉండి, నిండిన బండి తూచేటప్పుడు దిగిపోతే, అతని బరువంత సిమెంటు లెక్కలో పడకుండా గేటు దాటుతుంది. అది ఆపడానికే ఈ తిరుగుడు. ఆయన లోపలికి వచ్చి, టెర్మినల్ స్విచ్ వేసి, తెర వెలిగేదాకా ఆగి, తన పేరు కొట్టి, మళ్లీ మొదలుపెట్టాడు.

స్విచ్ వేసి. ఆ మాట దగ్గర నా ఆలోచన ఆగింది. వేయవలసి వచ్చిందంటే ముందు ఆగి ఉండాలి. ఎవరు ఆపారు? నేను పక్కనే ఉన్నాను, చూడలేదు.

రెండో లారీకి చేతులు మాత్రమే చూశాను. కుర్చీ నుంచి లేస్తూ, కళ్లు కిటికీ బయట లారీ మీద ఉండగానే, కుడి చేయి తనంతట తానుగా టెర్మినల్ పక్కకు పోయి స్విచ్ కిందికి నొక్కింది. గడప దాటేటప్పుడు తల వంచినట్టు. తెర చీకటి అయింది. ఆయన బయటికి నడిచాడు.

తిరిగి రాగానే అడిగాను. "ఎందుకు బంద్ చేసినవ్ భాయ్?"

"ఏంది సాబ్?"

"గా టెర్మినల్."

ఆయన నల్లబడిన తెర వంక చూశాడు. వేరెవరో చేసి పోయిన పనిని చూసినట్టు చూశాడు. "నేను చేసిన్నా?"

ఆయనకు నిజంగా తెలియదు.

ఇంటర్‌కామ్‌లో ప్రోగ్రామరును పిలిచాను. "ఇప్పుడు కాంటా పేరు మీద ఎన్ని ఉన్నయో చూడు. ఫోను పెట్టకు." ఆపరేటరు వైపు తిరిగి, "భాయ్, గిప్పుడు మల్ల బంద్ చెయ్" అన్నాను. ఆయన చేశాడు.

ఫోనులో కీబోర్డు చప్పుడు వినబడింది. తరువాత ప్రోగ్రామరు గొంతు తగ్గించి, "సార్, ఒకటి మిగిలిపోయింది. పుట్టించినోడు పోయిండు, అది ఉన్నది" అన్నాడు. ఇంకోసారి చేయించాను. ఇంకొకటి మిగిలింది. అకౌంట్సు వాళ్లను కూడా తమ టెర్మినల్ ఒకసారి ఆపమని చెప్పించాను. అక్కడ ఏమీ మిగలలేదు.

దాని కారణం సాయంత్రానికి తేలింది. ఆఫీసులోని టెర్మినళ్లు దగ్గర కాబట్టి మామూలు తీగతో కలిపి ఉన్నాయి. అక్కడ స్విచ్ ఆపితే యంత్రానికి ఆ సంగతే తెలియదు. మళ్లీ వేస్తే ఆపిన చోటి నుంచే పని సాగుతుంది. కాంటా గది దూరం. దాని తీగకు రెండు చివరలా రెండు డబ్బాలు పెట్టారు. అవి మాటను దూరం మోయడంతోపాటు, అవతల టెర్మినల్ ఆగిపోతే ఆ వార్త కూడా మోస్తాయి. వార్త అందగానే యంత్రం ఆపరేటరు బయటికి పోయాడనుకుని అతని వాకిలి మూసివేస్తుంది. కాని డేటాబేస్ కోసం అతని తరఫున తెరవెనుక పనిచేస్తున్న ప్రాసెస్‌కు ఆ వార్త చెప్పేవాళ్లు లేరు. అది అక్కడే కూర్చుని అడుగుతూ ఉంటుంది. ఆయన లారీ చుట్టూ తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆయన నీడ ఒకటి ఆ కుర్చీలో మిగిలిపోతోంది. పది లారీలకు పది నీడలు.

మధ్యాహ్నం ఇద్దరం గిన్నెలు విప్పాము. అప్పటికి లారీలవాళ్ల నుంచి ఆయనకు సంగతి తెలిసింది.

"నన్ను తీసేస్తున్నరంట గద సాబ్."

"ఎవరన్నరు?"

"డ్రైవర్లకు అన్నీ ఎరుకే. గేటు కాడ పొద్దుటిసంది గదే ముచ్చట." రొట్టె తుంచి, తినకుండా చేతిలో పట్టుకున్నాడు. "నా మీద తప్పేందో గది ఒక్కటి చెప్పుండ్రి."

"నువ్వు స్విచ్ బంద్ చేసుడు. ఎప్పటిసంది అలవాటు?"

బయట లారీ ఇంజను ఆగింది.

"ఈడికి రాకముందు బండలు కోసే మిషన్ మీద చేస్తుంటి సాబ్. మా అన్న, నేను. ఒకరోజు కరెంటు పోయింది. బండ మిషన్ల ఇరికింది. అన్న తీస్తనని చెయ్యి పెట్టిండు. స్విచ్ ఎవ్వలు బంద్ చెయ్యలె. కరెంటు వచ్చింది." రొట్టె ముక్కను గిన్నెలో పెట్టేశాడు. "స్విచ్ నా పక్కకే ఉండె."

నేను టెర్మినల్ స్విచ్ వంక చూశాను.

"గప్పటిసంది ఏ మిషన్ కాడినుంచి లేసినా నా చెయ్యి అటే పోతది. ఇంట్ల రేడియో గూడ అంతే. పెండ్లాం తిడ్తది, పాట సగంల ఉండంగ ఆపినవని." కొంచెం నవ్వబోయి మానుకున్నాడు. "మా ఇంట్ల ఇద్దరు మొగోళ్లం సాబ్. పనికొచ్చే చేతులు మూడు. గీ నౌకరి పోతె..." అని గిన్నె మూత పెట్టాడు.

ఇంకొక ప్రశ్న మిగిలి ఉంది. ఏడాదికి పైగా లేని తంటా ఈ నవంబరులోనే ఎందుకు మొదలైంది?

"ఇదివరకు నువ్వు లేవకపోతుంటివా భాయ్?"

"ఇదివరకు ఇద్దరం ఉంటిమి గద. ఒకలు కుర్చీల, ఒకలు బయట. ఆయనను పోయిన్నెల పందొమ్మిదో తారీకు..." వేళ్ల మీద లెక్కపెట్టి సవరించుకున్నాడు. "కాదు, ఇదే నెల. శనివారం నాడు కాయితం వచ్చింది, సోమవారం సంది ప్యాకింగ్ కాడికి పొమ్మని. ఇగ రెండు పనులు నావే."

కాగితం ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. మా కర్మాగారంలో మనుషులను మార్చే కాగితం ఒకే గది నుంచి వస్తుంది.

సాయంత్రం ఆ గదిలోకి వెళ్లి, చూసినదంతా వరుసగా చెప్పాను. మేనేజరు ఓపికగా విన్నారు.

"అంటే చేసింది అతనే."

"స్విచ్ ఆపింది ఆయనే సార్. ఆపకూడదని మనం ఎన్నడూ చెప్పలేదు. ఆపితే లోపల ఏమవుతుందో మాకే తెలియదు."

"సరే. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు వచ్చింది? దానికి జవాబు ఉందా?"

"ఇన్నాళ్లూ కాంటా దగ్గర ఇద్దరు ఉండేవారు. ఇరవై ఒకటో తేదీ నుంచి ఒక్కరే. క్లీనరును దింపడానికి ప్రతి లారీకీ ఆయనే లేవాలి. లేవకుండా కూర్చుంటే మన యంత్రం చల్లగా నడిచేది సార్, సిమెంటు మాత్రం బస్తా బస్తాగా గేటు దాటేది."

ఆయన కిటికీ వైపు చూశారు. ఆ కాగితం మీద సంతకం ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆ గదిలో దాని ప్రస్తావన ఇద్దరమూ తేలేదు. కాసేపటికి ఫైలులోంచి గురువారం నాటి కాగితాన్ని తీసి సొరుగులో పెట్టారు. చింపలేదు.

"మీ ప్రోగ్రాము సరిచేయడానికి ఎన్నాళ్లు?"

"రెండు మూడు రోజులు."

"అంతవరకు అతను స్విచ్ ముట్టుకోకూడదు." ఆగి, "టీ తాగుతారా?" అన్నారు.

"రైలుకు వేళయింది సార్."

ముట్టుకోకూడదని చెప్పడం సులభమే. గురువారం మధ్యాహ్నం ఆపరేటరు అర మైలు నడిచి మా గదికి వచ్చాడు. చెమట పట్టి ఉంది. "నా వల్ల అయితలేదు సాబ్. ఆపకుండ లేస్తె బయట లారీ కనిపిస్తలేదు, అన్ననే కనిపిస్తుండు. నా చెయ్యి నా మాట ఇంటలేదు."

ప్రోగ్రామరు లేచి ఆయనకు కుర్చీ ఇచ్చాడు. బిడ్రి అనలేదు. ఆవరణలో కాలిబాటకు పరిచి మిగిలిన నాపబండ ముక్క ఒకటి తెచ్చి, కాంటా గదికి తానే మోసుకుపోయి, స్విచ్‌కు అడ్డంగా నిలబెట్టాడు. చేయి పోయినప్పుడల్లా రాయి తగిలేది. రాయి తగిలినప్పుడల్లా ఆయన ఒక క్షణం నిలబడి, తరువాత బయటికి నడిచేవాడు. రెండు రోజులు అలా గడిచాయి. నేను ఒకసారి మాత్రం వెళ్లి చూశాను. మళ్లీ వెళ్లలేదు.

ప్రోగ్రామరు రాసిన సవరణ చిన్నదే. కొద్ది నిమిషాలకు ఒకసారి యంత్రమే తనలోని ప్రాసెస్‌లను చూసుకుంటుంది. దేని మనిషి లేచి పోయాడో దానిచేత సగం రాసింది పూర్తి చేయించి, పద్ధతిగా ముగిస్తుంది. మనిషి అలవాటును మార్చమని అడగడం కన్నా యంత్రానికి ఆ అలవాటు తెలియజేయడం సులభమైంది. దానికి ఏం పేరు పెట్టాలని అడిగితే నీ ఇష్టం అన్నాను. జాబితాలో దాని పేరు "బిడ్రి" అని కనబడేది. నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది నడిచింది.

శనివారం కాంటా గదికి వెళ్లి రాయి నేనే తీశాను.

"ఇగ ముట్టొచ్చా సాబ్?"

"ఎన్నిసార్లన్న ముట్టుకో."

ఆయన స్విచ్ ముట్టుకోలేదు. "నాకు ఎరుక లేకుండ నా పేరు మీద గన్ని పనులు నడిసినయంటె భయమైతుంది సాబ్. ఇంకేమేం నడుస్తున్నయో" అన్నాడు. అది నవ్వులాటగా అన్న మాట కాదు.

మీలో ఎవరి చేతిలోనైనా రేపు ఇలాంటి జాబితా పడవచ్చు. అందులో ఒకే పేరు పదేపదే కనబడవచ్చు. ఆ జాబితా అబద్ధం చెప్పదు, అది నిజమే. మా జాబితా కూడా నిజమే చెప్పింది. అయినా ఆ పేరు గల మనిషి పక్కన స్టూలు వేసుకుని ఒక పూట కూర్చోండి. మాకు ఆ సంగతి ఆలస్యంగా తట్టింది.

సొరుగులోని కాగితం బయటికి రాలేదు. కాని అనుమానం ఉన్నట్టు రాసిన ఒక ముక్క ఆయన సర్వీసు ఫైలులో ఉండిపోయింది. తీయమని నేను రెండుసార్లు రాసి ఇచ్చాను. చూద్దామన్నారు. ఆయనతోపాటు చేరిన వాళ్లు మరుసటి ఏడాది వేసవికే పర్మనెంటు అయ్యారు. ఆయన వంతు వచ్చేసరికి 1989 డిసెంబరు అయింది.

పర్మనెంటు కాగితం వచ్చిన సాయంత్రం తాండూరు స్టేషనులో వికారాబాదు బండి కోసం నిలబడి ఉన్నాను. ఆపరేటరు వచ్చాడు. పక్కన ఆయన కంటే పొడవైన మనిషి, చొక్కా కుడి చేయి మణికట్టు దగ్గర మడిచి గుండుపిన్ను పెట్టి ఉంది. ఆ మనిషి ఎడమ చేయి నుదుటి దాకా ఎత్తి సలాం చేశాడు.

"ఎడమ చేత్తోటి చేస్తున్న, ఏమనుకోకుండ్రి సాబ్" అన్నాడు.

నేను కూడా ఎడమ చేతితోనే చేశాను. బండి వచ్చింది. ఎక్కాను.

ఆ రాత్రి డైరీలో వేసుకున్న లెక్క ఇది.

పోయినవి: ఒక శుక్రవారపు తూకాలలో పదకొండు, తిరిగి దొరకలేదు. కాంటా దగ్గర రెండో మనిషి, తిరిగి రాలేదు. ఒక మనిషి సర్వీసులో కొన్ని నెలలు. కాంటా గదిలో నవ్వు. లారీలవాళ్లు ఎంత ఆటపట్టించినా ఆ నవంబరు తరువాత చాచా దగ్గర మారుమాట వినబడలేదు.

మిగిలినవి: యంత్రం. ఒక ఉద్యోగం. లేచేటప్పుడు స్విచ్ ఆపే అలవాటు. ఆ ఇంట్లో పనిచేసే చేతులు మూడు.